జులై ఒకటిన పుట్టినవాళ్ళు

చాక్‌పీసు అరిగిపోయింది, రేపు కొనాలి, అసలు రేపంటూ ఈ గదికి ఉంటేగా, అనుకుంటూనే ఫెబా కూర్మన్నపాలెం కాలనీ లైబ్రరీ బయట బోర్డు మీద తేదీ దిద్దింది, జులై ఒకటి, ఒక కథా రచయిత పుట్టినరోజు, ఒక స్వరకర్త పుట్టినరోజు, చదవాల్సినవి ఆయన రైలు కథలు, ఈయన జీవిత కథ, రోజూ ఇలాగే రాస్తోంది, బస్టాపులో నిలబడ్డవాళ్ళు రోజూ చదివి బస్సెక్కి పోతున్నారు, లోపల పుస్తకాల మీద స్టీల్ ప్లాంటు దుమ్ము, ఎంత తుడిచినా పోదు, శివరామకృష్ణ గారి మాటా అంతే, కాలనీ సంఘం ప్రెసిడెంటు, నిన్న గుమ్మంలో నిలబడి, అమ్మాయ్, ఇక్కడికి దోమలు తప్ప ఎవరొస్తున్నారమ్మా, జిమ్ పెట్టేద్దామంటున్నారంతా, రేపు సాయంత్రం గది నిండిందా సరే, లేదంటే తాళం నాకిచ్చెయ్, ఆ తాళం ఇప్పుడు జేబులో చల్లగా తగిలింది, ఎలా నింపాలి, ఎలా, చర్చిలో అయితే ఆదివారం పాస్టరుగారు ఈ వారం పుట్టినవాళ్ళు ముందుకు రండి అనగానే కునికేవాళ్ళు కూడా లేచొస్తారు, అందరూ పాడతారు, చప్పట్లు కొడతారు, పాపం రచయిత రాలేడుగా, ఆయన బదులు ఇంకెవరైనా వస్తే, అంతే, మిగిలిన ముక్కతో గబగబా గీసేసింది, ఇవాళ మీ పుట్టినరోజైతే సాయంత్రం రండి, రచయిత తరఫున చప్పట్లు మీకే, ఇంటికి పట్టుకెళ్ళడానికో పుస్తకం.

సాయంత్రం ప్లాంటు బస్సు ఆగింది, ఒక్కరొస్తే చాలు ప్రభువా, ఒక్కరు, గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు, క్రేన్ ఆపరేటర్ ఎల్లారావు, ఏటి పాపా, నాదివాలే, ఎక్కడ నిలబడాల, ఆయన వెనకే క్యాంటీన్ ఈశ్వరి, ఆమె వెనక ఇంకొకరు, ఇంకా, ఇంకా, కుర్చీలైపోయాయి, కిటికీల్లో తలకాయలు, ఇదేంటి ఒకే రోజు ఇంతమంది ఎలా పుట్టారు, అంది ఫెబా, ఎల్లారావు పడీ పడీ నవ్వాడు, నానెప్పుడు పుట్టానో మాయమ్మకే గురుతు నేదు, వరదొచ్చిన ఏడంది అంతే, బడిలో ఏసినప్పుడు మేస్టారు జులై ఒకటని రాసీసేడు, ఈశ్వరి అందుకుంది, నీకొక్కడికేటి మావా, మా ఊరి బడి మొత్తానికి అదే, నాకైతే ఇవాల్టి దాకా ఎవలూ సప్పట్లు కొట్టనేదు, ఫెబా పుట్టినరోజు పాట అందుకుంది, పాట రానివాళ్ళు చప్పట్లతో అందుకున్నారు, బీరువా అద్దాలు గలగలలాడాయి.

తాళం కోసం వచ్చిన ప్రెసిడెంటు గారికి లోపల అడుగు పెట్టే చోటే లేదు, బాబూ, మీదెప్పుడు, అని ఎల్లారావు అరిచాడు, ఆయన అటూ ఇటూ చూశాడు, గొంతు సవరించుకున్నాడు, మెల్లగా చెప్పులు విడిచాడు, నాదీ ఇవాళేనండీ, సర్టిఫికెట్లో, గదంతా ఘొల్లుమంది, ఫెబా రైలు కథలు తీసి ఆయన చేతిలో పెట్టింది, ఆయన పుస్తకాన్ని గుండెకి ఆనించుకుని చప్పట్లు కొట్టించుకున్నాడు, తాళం మాటే ఎత్తలేదు, రేపు రెండో తారీకు, ఎల్లుండి మూడు, ఎవరూ పుట్టని రోజంటూ ఉండదుగా, రేపు చాక్‌పీసు కాదు, పెట్టె పెట్టే కొనాలి.