సాయిసుధ నేర్చిన మర్యాద

ద్రాక్షారామంలో ఎరువుల కొట్టు జోగేశ్వరరావుకి కూతురంటే ప్రాణం. ఆ ప్రాణాన్ని తీసుకెళ్ళి, కూతురు చదువుకునే గది గోడకి మేకులేసి బిగించాడు. కెమెరా అండి, మాటలు కూడా వినపడే రకం. కొట్లో కూచుని ఫోన్లో చూస్తాడు, అందులోనే మీట నొక్కి మాటాడతాడు. పిల్ల కాస్త కునుకు తీసిందో, గోడలోంచి "సాయిసుధా, మొహం కడుక్కోమ్మా" అని వినపడుద్ది. బల్లి అరిచినా ఉలిక్కిపడడం మొదలెట్టింది పిల్ల.

ఈయన మాత్రం కొట్టుకొచ్చిన రైతులందరికీ ఆ ఫోను చూపించేవాడు. పిల్లల మీద ఎంత శ్రద్ధ ఉండాలో బోధించి, ఆనక యూరియా లేదని చెప్పేవాడు.

ఇంటర్లో చేరేదాకా ఆ పిల్ల, నాన్నా నువ్వు జిలేబీ తేలేదేంటని మెడకి వేలాడేది. కెమెరా వచ్చాక ఆ మాటల్లో నువ్వు పోయింది. తర్వాత నాన్నా కూడా పోయింది. ఏం అడిగినా సరేనండి, తిన్నానండి. జోగేశ్వరరావు పొంగిపోయాడు. వయసొచ్చేసరికి మర్యాద దానంతటదే వచ్చిందని కొట్టంతా చెప్పుకున్నాడు. మన గోదావరోళ్ళకి అండీ అంటే చాలు గదా, కడుపు నిండిపోద్ది.

"మిమ్మల్ని అండీ అనడానికి నేనున్నాను కదండీ, దానికెందుకు?" అంది భార్య సూర్యకళ. ఈయన చెవికెక్కలేదు.

ఓ మధ్యాహ్నం ఫోన్లో చూస్తే, పిల్ల పుస్తకం మీద తల పెట్టుకుని ఏడుస్తోంది. నొక్కాడు. ఏమైందమ్మా అన్నాడు.

పిల్ల గబగబా కళ్ళు తుడుచుకుని, నిటారుగా కూచుని, కెమెరా వైపు తిరిగింది.

"ఏం లేదండి. చదువుతున్నానండి."

అప్పుడు తగిలింది ఆ అండి. కరెంటు మీటరు చూడ్డానికొచ్చినోడితో మాటాడినట్టుంది. బేరం అక్కడే వదిలేసి బండేసుకుని ఇంటికొచ్చాడు.

వచ్చేసరికి పిల్ల తల్లి ఒళ్ళో ఉంది. నావల్ల కావట్లేదే అమ్మా, చదివింది ఒక్కటీ గుర్తుండట్లేదే అని వెక్కుతోంది. ఈయన్ని చూడగానే ఏడుపు మింగేసి లేచి నిలబడింది.

ఏం మాటాడాలో తెలీలేదు జోగేశ్వరరావుకి. ఏడాదిగా మొహం చూసి మాటాడుంటే గదా. పైగా నొక్కడానికి చేతిలో ఏమీ లేదు. కుర్చీ ఎక్కి ఆ కెమెరా తీగ పీకేశాడు.

"ఇదిగో, తీసేశాను. నాతో కూడా చెప్పు. ఒక్కసారి నన్ను నువ్వు అనవే తల్లీ."

సాయిసుధ వాళ్ళమ్మ వంక చూసింది. బుద్ధిగా చేతులు కట్టుకుంది.

"అలాగేనండి" అంది.