బెర్నార్ద ఆకుపచ్చ కళ్ళు

కనిందే ఊరి తిరునాళ్ళకు పోయి పది రోజులకు ఇల్లు చేరేసరికి గోడ మీద అమ్మా నాన్నా లేరు. వాళ్ళున్న మేకుకి ఏసుబొమ్మ ఉన్న ప్లాస్టిక్ గడియారం వేలాడుతోంది. జొవెలీనా మూట గుమ్మంలోనే పడేసింది.

"ఎవరో ఇంటికొచ్చి, పాత పటం ఇస్తే కొత్త గడియారం ఇస్తానన్నాడత్తా. ఎలాగూ చెదలు పట్టింది కదా అని..." కోడలు లుజినెట్ నసిగింది.

"చెదలు పట్టింది నీ బుర్రకే! రేపు గాడిదను ఇస్తానంటే నన్నూ ఇచ్చేసేట్టున్నావ్!"

ఏం చెప్పినా ఏం లాభం? అమ్మ గుర్తుగా ఆ ఇంట్లో మిగిలిందల్లా ఆ పటమే. సమాధి మీది చెక్క శిలువ ఎప్పుడో వానలకు పుచ్చిపోయింది. ఆ రోజు నుంచి జొవెలీనా సంతకు వెళ్ళినా, చర్చికి వెళ్ళినా, కనబడిన ప్రతివాణ్ణీ పట్టుకుని అడిగింది. పాత పటాలు కొనేవాడెవడు? ఎటు పోయాడు? పదకొండు నెలలు అడగ్గా అడగ్గా, క్రాతో పట్నంలో ఒకాయన ఇంటినిండా అలాంటివే పెట్టుకున్నాడని మంచాల నేతగాడు చెప్పాడు. శనివారం పొద్దున్నే గడియారాన్ని గోనెసంచిలో వేసుకుని బస్సెక్కింది.

ఆయన పేరు ఎవెరాల్దో. రియో నుంచి వచ్చి స్థిరపడినవాడు. రెండేళ్ళ కిందటిదాకా పాత నాణేలు పోగుచేసేవాడు, ఇప్పుడు పటాలు. హాల్లో నాలుగు గోడలకూ ఎవరెవరి తాతలో, ముత్తవ్వలో. వాళ్ళందరి మధ్యలో అమ్మా నాన్నా. కింద అచ్చు వేసిన చీటీ. జొవెలీనాకు చదువు రాదు.

"ఇందులో ఏం రాసుంది?"

"కర్నల్ హొనోరియో, ఆయన భార్య దోన ఎలీజా," అన్నాడాయన మురిసిపోతూ. "తొమ్మిది నెలలు పట్టిందమ్మా వీళ్ళ వంశం కనుక్కోవడానికి! ఆ నల్లకోటు చూడండి, ఆ ముత్యాలు చూడండి. అన్నిటికీ మించి ఆ ఆకుపచ్చ కళ్ళు. ఈ చుట్టుపక్కల ఆ కళ్ళున్నది ఒక్క దోన ఎలీజాకేనట. చర్చి రిజిస్టర్లన్నీ గాలించాను. వీరే వాళ్ళ మనవడు, డాక్టర్ రోమెరో. పటం తీసుకెళ్ళడానికి వచ్చారు."

కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి తల ఊపాడు. "మా ఇంటికి నిప్పంటుకుని పాత పటాలన్నీ కాలిపోయాయి. నాయనమ్మను చూడ్డం ఇదే మొదలు. పెద్ద హాల్లో పెట్టిస్తున్నాను."

జొవెలీనాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కర్నల్ హొనోరియో! ఆ జమీందారు పొలంలోనే కదా నాన్న చెరుకు నరికింది, ఆయన ఇంటి దుప్పట్లే కదా అమ్మ పదేళ్ళు ఉతికింది. బతికున్నన్నాళ్ళూ వెనక గుమ్మం దాటనివ్వలేదు. చచ్చిన యాభై ఏళ్ళకు పెద్ద హాల్లో కూర్చోబెడతారట, వాళ్ళ మనిషిని చేసి!

"అది మా అమ్మ," అంది. "పేరు బెర్నార్ద. పక్కన మా నాన్న అమాంసియో."

ఎవెరాల్దో జాలిగా నవ్వాడు. "కోటు వేసుకుని ఉన్నారు కదమ్మా?"

"ఓరి నీ తెలివి తెల్లారా! ఫోటోను పెద్దది చేసి, దాని మీద కోటు రంగులాయన వేస్తాడు. మా దగ్గర పసిపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. ఇంటింటికీ తిరిగే మనిషి మన దగ్గరున్న ఫోటో పుచ్చుకుని, ఏమేం కావాలో వెనకాల రాసుకుని పోతాడు. పటం తిప్పు. వెనక అంటించిన కాగితం చింపకముందే, దాని కింద ఏం రాసుందో నేను చెప్తా."

"చింపితే విలువ పోతుంది..."

"చింపు!"

రోమెరో కూడా కానివ్వమన్నట్టు చూశాడు. ఎవెరాల్దో కత్తి తెచ్చాడు. జొవెలీనా గోడవైపు తిరిగి నిలబడి, ఆ వేళ ఆ మనిషి పైకి చదువుతూ రాసుకున్నది రాసుకున్నట్టు అప్పజెప్పింది.

"మగమనిషికి నల్లకోటు, టై. ఆడమనిషికి ముత్యాలు, రెండు పేటలు. శవపెట్టె తీసెయ్యాలి. కళ్ళు తెరవాలి. రంగు ఆకుపచ్చ, పిల్ల అడిగింది."

వెనక కాగితం చిరిగిన చప్పుడు. తర్వాత ఎవెరాల్దో గొంతు, సన్నగా: "అక్షరం పొల్లుపోలేదు."

"శవమా ఇది?" రోమెరో లేచి నిలబడ్డాడు.

"శవమే బాబూ. మా నాన్న రబ్బరుపాలు తీస్తానని అమెజాన్ అడవికి పోయి మళ్ళీ రాలేదు. ఆయన బొమ్మ ఆ పనిలో చేరినప్పుడు ఇచ్చిన గుర్తింపు చీటీ మీదది. అమ్మకు బతికుండగా ఫోటో తీసే దిక్కేదీ? పెట్టెలో పడుకోబెట్టాక తీశారు. వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చున్నది ఈ అట్ట మీదే."

"మరి ఆ కళ్ళు?"

"అమ్మవి నల్లవి. మీ దుప్పట్ల సబ్బునీళ్ళకు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఆ కళ్ళు నేనే మూశాను, ఈ రెండు వేళ్ళతో. నాకు తొమ్మిదేళ్ళు. ఏ రంగు కావాలే పిల్లా అంటే, మీ నాయనమ్మ కళ్ళే గుర్తొచ్చాయి. అవి ఎప్పుడూ ఎర్రబడగా చూడలేదు నేను."

రోమెరో చేతిగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. "ఇది నాకొద్దు," అని ఎటూ చూడకుండా బయటికి నడిచాడు.

ఎవెరాల్దో మొహం మాత్రం వెలిగిపోతోంది. "అమ్మా, ఇలాంటిది ఇంకెక్కడా దొరకదు! ఇక్కడే ఉంచండి, ఈ కథంతా చీటీ మీద రాయిస్తాను!"

"సిగ్గులేదూ? తొమ్మిది నెలలు రిజిస్టర్లు గాలించావు. నీ మనిషి ఏ గడపలోంచి పటం పట్టుకొచ్చాడో ఆ గడపలోకి వచ్చి, ఇదెవరమ్మా అని ఒక్క మాట అడగడానికి నోరు రాలేదా? పేదిల్లు కదా, అక్కడ తాతముత్తాతలు ఉండరనుకున్నావు!"

ఆయన చేతుల్లోంచి పటం లాక్కుంది. ఆయన వదిలేశాడు. గోనెసంచిలోంచి గడియారం తీసి ఖాళీ అయిన మేకుకి తగిలించింది.

"నీ సొమ్ము నీకు ముట్టింది. దీని వంశం కనుక్కో."

తిరుగు బస్సులో పటాన్ని ఒళ్ళో నిలబెట్టి పట్టుకుంది. కండక్టరు వంగి చూశాడు. "ఎవరిదమ్మా ఈ దొరసాని బొమ్మ?"

"దొరసాని కాదు నాయనా, మా అమ్మ. బట్టలుతికేది," అంది జొవెలీనా, బస్సులో అందరికీ వినబడేలా.