ఏడు గేట్లు, ఏడు కార్డులు

ముప్ఫై రెండేళ్లు పరీక్ష హాళ్లలో చీటీలు పట్టుకున్నదాన్ని. చొక్కా చేతి మడతలో, గడియారం పట్టీ కింద, జడలో, చివరికి దెబ్బ తగిలిందని కట్టు కట్టుకున్న బొటనవేలి మీద దాచిన చీటీ కూడా నా కళ్లు దాటిపోలేదు. పిల్లలు నాకు సీఐడీ టీచరని పేరు పెట్టారు. నాకు తెలియదనుకునేవారు, పాపం. రిటైరైనంత మాత్రాన ఆ కళ్లను పెట్టెలో పెట్టి తాళం వేయలేం కదా. అందుకే మా తోడికోడలు ఏదో దాస్తోందని ఆమె మొగుడికంటే ముందు నాకే తెలిసింది.

మాది రెండు వాటాల ఇల్లు. కింద నేనొక్కదాన్నే. పైన మరిది, అతని భార్య. చుట్టూ ఉన్న తోట అందరిదీ. తోడికోడలు చేత్తో కార్డులు చేస్తుంది. పాత కాగితాలు నానబెట్టి, రుబ్బి, ఆ గుజ్జును జాలీ చట్రం మీద పలచగా పరిచి ఆరబెట్టి, కాగితం కూడా తనే తయారు చేసుకుంటుంది. లావుపాటి పుస్తకాల మధ్య నొక్కి ఎండబెట్టిన పూరేకుల్నీ ఆకుల్నీ దాని మీద అంటిస్తుంది. పుట్టినరోజులకీ, పెళ్లిళ్లకీ, ఆస్పత్రిలో ఉన్నవాళ్లకీ జనం అవి కొనుక్కుంటారు. పనితనం ఉన్న చెయ్యి, ఒప్పుకోవాలి.

ఎండలు ముదరకముందే తోట సర్దుకోవాలి. ఎండుకొమ్మలు కత్తిరించాలి, పాదులు తవ్వి చుట్టూ ఎండుటాకులు పరచాలి, పడమటి గోడ దగ్గరి కుండీలను నీడకు జరపాలి, పైన ఆకుపచ్చ వల కట్టాలి. ఏటా ఈ పనంతా కత్తెర తాత చేసేవాడు. నడుముకి ఎప్పుడూ పెద్ద కత్తెర వేలాడుతుండేది కాబట్టి ఆ పేరు. మా ఇల్లు కాక వీధిలో ఇంకో ఏడిళ్ల తోటలు అతనే చూసేవాడు. నిరుడు నేను అతన్ని మాన్పించాను.

పడమటి మూలలో మావారు నాటిన తెల్ల తీగగులాబీ ఉండేది. ఆయన పోయి నాలుగేళ్లయినా అది మాత్రం గోడెక్కి వీధిలోకి తొంగిచూస్తూ, ఆయనలాగే వచ్చేపోయేవాళ్లందరినీ పలకరిస్తున్నట్టు ఉండేది. నిరుటి వేసవిలో పది రోజుల్లో నిలువునా మాడిపోయింది. దానికి కొద్ది రోజుల ముందే, ఆలస్యంగా వచ్చాడని తాతను నలుగురిలో చీవాట్లు పెట్టాను. మర్నాడు అతను తీగ మొదట్లో తవ్వి ఏదో ఎరువు వేయడం నా కళ్లారా చూశాను. ఇంకేం కావాలి? కక్షగట్టి చంపాడని తేల్చేశాను. "నేను కాదు టీచరమ్మా" అన్నాడు. చీటీతో దొరికిన ప్రతివాడూ అనే మాటే అది. ఏడిళ్లకూ వెళ్లి, ఇలాంటివాణ్ణి గేటు లోపలికి రానివ్వద్దని చెప్పి వచ్చాను. వారం తిరక్కుండా ఏడిళ్లవాళ్లూ అతన్ని మాన్పించారు.

అలా ఈ ఏడాది తోట పని మా ఇద్దరి నెత్తినా పడింది. పడ్డాకే నా అనుమానం మొదలైంది.

తోడికోడలు తోటంతా కలియతిరిగి పని చేస్తుంది, పడమటి మూలకు మాత్రం రాదు. "ఆ మోడు కూడా పెకలించేద్దాం, రా" అని పిలిస్తే, "మీరు కానివ్వండక్కా, నాకు నడుం పట్టేసింది" అంటుంది. అప్పటిదాకా మట్టి కుండీలు చంకనెత్తుకుని తిరిగిన నడుం అది. ఆ మూల పేరెత్తగానే ఎలా పట్టేస్తుంది?

రెండోది కత్తెర. ప్రతి శనివారం కార్డుల కత్తెర సాన పట్టించాలని బజారుకు పోతుంది. కాగితం కోసే కత్తెరకు ఆరు నెలలకోసారి సాన పడితే ఎక్కువ. ఏడాదిగా వారం వారం సాన పడితే అది ఈపాటికి సూదై ఉండాలి.

మూడోది బకెట్. వేసవిలో ఈ ఇంట్లో చుక్క నీరు మోరీ పాలు కాకూడదు. కూరగాయలు కడిగినవైనా, బట్టలు జాడించినవైనా, ఏవైనా మొక్కలకే పోయాలి. అది నేను పెట్టిన చట్టం. తోడికోడలు కూడా చెంబెడు నీళ్లు పారబోయదు. అలాంటిది, కాగితం గుజ్జు పిండిన నీళ్ల బకెట్‌ను మాత్రం పై నుంచి మోసుకొచ్చి, గేటు దాటి, వీధి మోరీలో కుమ్మరించి వస్తోంది. పైగా అటూ ఇటూ చూసి మరీ.

నేను పైకి వెళ్లేసరికి చేస్తున్న కార్డును పుస్తకం కింద తోసేయడం కూడా ఈ మధ్య మొదలైంది. "ఏంటది?" అంటే "ఆర్డరు అక్కా" అంది. "ఎవరిది?" "ఎవరో." ఎవరో ఆర్డరిస్తే ఎవరికని ఇస్తావు? ఆ మాట పైకి అనలేదు. దొంగను కాస్త తిరగనిస్తేనే దొరుకుతాడు.

ఒక్క మాట దాచకుండా చెప్తాను. ఈ ఇంట్లో నాకున్న తోడు ఆ పిల్ల ఒక్కతే. మావారు పోయినప్పుడు నెల్లాళ్లు నా గదిలోనే చాప వేసుకుని పడుకుంది. ఆమె కూడా నా వెనక ఏదో నడుపుతోందంటే నేనింక ఎవరిని నమ్మాలి? ఆ వారమంతా ముద్ద దిగలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఆయనకు ఇన్విజిలేషన్ డ్యూటీ ఎప్పుడూ పడలేదు.

శనివారం ఆమె కత్తెర సంచిలో వేసుకుని బయల్దేరగానే నేనూ గొడుగు అడ్డం పెట్టుకుని వెనకే నడిచాను. బజారు చివర చెప్పుల షాపు పక్కన గోడవార ఓ సాన చక్రం ఉంది. దాని వెనక కూర్చుని కాలితో తొక్కుతున్న మనిషి కత్తెర తాత.

సగం చిక్కిపోయాడు. నడుముకి కత్తెర లేదు. మా తోడికోడలు అతని పక్కన స్టూలు మీద సొంత మనిషిలా కూర్చుంది. సంచిలోంచి కత్తెర కాదు, కార్డు తీసి ఇచ్చింది. తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి, గోడకున్న మేకు వైపు చూపించాడు. మేకుకు అలాంటివే ఓ గుత్తెడు కార్డులు గుచ్చి ఉన్నాయి.

ఇద్దరూ ఒకటేనన్నమాట. వీడు ఎరువు వేయడం, ఇది చూస్తూ ఊరుకోవడం. ఎందుకు? నా మీద ఏం కోపం? తీగ పోతే ఆ మూలలో తన కాగితాలు ఆరేసుకోవచ్చనా? దారి పొడుగునా కారణాలు అల్లుకుంటూనే ఇంటికొచ్చాను. ఒక్కటీ సరిగ్గా అతకలేదు, అయినా అల్లుతూనే ఉన్నాను.

ఆదివారం పొద్దున బకెట్‌తో మెట్లు దిగుతుంటే అడ్డంగా నిలబడ్డాను.

"ఆ నీళ్లు మొక్కలకు పొయ్యి."

"వద్దక్కా."

"ఎందుకు వద్దు?"

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. నేను వంగి బకెట్ వాసన చూశాను. ముక్కు మండింది. బ్లీచింగ్ పౌడర్. స్కూల్లో నీళ్ల తొట్టె కడిగించిన రోజు వచ్చే వాసన.

"పాత పేపర్ల గుజ్జు తెల్లగా రావాలంటే ఇది కలపాలి" అంది, నా వైపు చూడకుండా. "నిరుడే మొదలుపెట్టాను. మొక్కలకు మంచిది కాదని తీగ మాడిపోయాక గానీ తెలీలేదు. చుక్క నీళ్లు కూడా పారబోయొద్దని మీరు అన్నారు కదా. రోజూ ఒక బకెట్ తీసుకెళ్లి..."

"తీగ మొదట్లో పోశావా?"

తలూపింది. కళ్ల నీళ్లు బకెట్‌లో పడుతున్నా తుడుచుకోలేదు.

ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి చాలా ప్రయత్నించాను. "ఏడాది పాటు నోరెందుకు మూసుకున్నావు? ముసలాడి కూడు పోతుంటే చూస్తూ ఎలా ఊరుకున్నావు?" అని అరిచాను.

"చెప్దామని ఆ రోజు కిందికొచ్చానక్కా. మీరు అప్పటికే ఏడిళ్లూ తిరిగి వచ్చేశారు. మీరు ఎవర్నీ అడగలేదు, తేల్చేశారు. ఇప్పుడు చెప్తే నన్నూ అలాగే వీధిలో పెడతారని భయమేసింది." కొంగుతో మొహం తుడుచుకుంది. "తాతకు మాత్రం మర్నాడే చెప్పేశాను. క్షమించమని ఓ కార్డు చేసిచ్చాను. అప్పట్నుంచి వారానికొకటి. ఇంకేం చేయాలో నాకు తెలీలేదు."

ఏదైనా ఒక కేసులో నిజం తేలితే నాకు లోపల ఒక రకం హాయి ఉండేది. ఆ రోజు ఒంటి మీద చన్నీళ్లు కుమ్మరించినట్టయింది. సిగ్గేసింది. ఇంతకంటే పెద్ద మాట నాకు తెలియదు.

ఆ ఎండలోనే బజారుకు వెళ్లాను. తాత నన్ను చూసి చక్రం తొక్కడం ఆపాడు. భయంతోనే లేచి నిలబడ్డాడు.

"కూర్చో తాతా. తీగ సంగతి తెలిసింది. తప్పు నాది."

"తెల్సిందా" అన్నాడు. మళ్లీ చక్రం వెనక కూర్చుంటూ అన్నాడు: "నాకు ఆ రోజే తెల్సమ్మా. మట్టి వాసన చూస్తే తెలీదా? నేనేసింది పశువుల పెంట. దానికి ఏ తీగా చావదు."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే మీరు నమ్ముతారా? పైగా పైవాటా చిన్నమ్మ, మీరు ఇద్దరూ ఒకే కప్పు కింద బతకాలి. నాకేముంది, ఎక్కడైనా బతుకుతాను."

"రేపట్నుంచి మా తోటకు రా. ఎప్పట్లాగే."

తాత తల అడ్డంగా ఊపాడు. "మీ ఒక్క ఇంటికొస్తే, టీచరమ్మ దొంగను క్షమించి పనిచ్చింది అంటారమ్మా. నాకు ఆ పేరొద్దు. ఏడు గడపలెక్కి చెప్పారు. ఆ ఏడు గడపలూ ఎక్కి ఇదీ చెప్పండి. అప్పుడొస్తాను."

నోటితో చెప్పడం మొదలుపెడితే నేను మధ్యలో ఎక్కడో నన్ను నేను వెనకేసుకొస్తానని నాకు తెలుసు. అందుకే రాసిస్తానని నిర్ణయించుకున్నాను. మధ్యాహ్నమంతా పైవాటాలో తోడికోడలి పక్కన కూర్చుని ఏడు కార్డులు చేశాను. నేను అతికించిన ఆకులు వంకరపోయాయి, జిగురు పక్కలకు కారింది. ఒకదాని మీద నా వేలిముద్ర పడింది. "పోలీసులకు పనికొస్తుంది" అన్నాను. చాలా రోజులకు ఆ పిల్ల నవ్వింది. వెంటనే ముఖం మార్చి, "నా పేరు కూడా రాయండక్కా, నీళ్లు పోసింది నేను" అంది.

"నీళ్లు పోసింది నువ్వు. వీధిలో వాడి పేరు పాడుచేసింది నేను. ఎవరిది వాళ్లం మోద్దాం" అన్నాను.

అన్నిటి మీదా ఒకే మాట రాశాను: నిరుడు మా గులాబీ చచ్చిపోవడానికి కారణం కత్తెర తాత కాదు. నేను విచారించకుండా నింద వేశాను. దయచేసి అతన్ని మళ్లీ పనిలోకి పిలవండి.

సాయంత్రం ఎండ తగ్గాక మొదటి గేటు తీశాను. అది రిటైరైన పోస్టుమాస్టరుగారి ఇల్లు. పెద్దమనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. వరండాలో నిలబడే కార్డు చదివాడు. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. నన్ను చీదరించుకుంటాడేమోనని కాచుకున్నాను. తిట్టినా పడదామనే వచ్చాను.

"అతను అలాంటి పని చేయడని మాకు అప్పుడే తెలుసు టీచరుగారూ" అన్నాడు నెమ్మదిగా. "పదిహేనేళ్లుగా చూస్తున్న మనిషి కదా."

నాకు అర్థం కాలేదు. "తెలిస్తే మరి ఎందుకు మాన్పించారు?"

ఆయన లోపల తలుపు దగ్గర నిలబడ్డ భార్య వైపు చూశాడు. ఆవిడ నేల చూపులు చూస్తోంది.

"మీతో ఎందుకొచ్చిన గొడవ అని" అన్నాడు. "ఈ వీధిలో అందరం అదే అనుకున్నాం. మాట్లాడుకున్నాం కూడా."

ముప్ఫై రెండేళ్లు నేను పట్టుకోనిది ఏదీ లేదనుకున్నాను. ఇన్నాళ్లూ వీధి వీధంతా నన్ను చూసి ఒక మాట దాచుకుంటే, దాన్ని మాత్రం పసిగట్టలేకపోయాను. దణ్ణం పెట్టి మెట్లు దిగాను.

చేతిలో ఇంకా ఆరు కార్డులున్నాయి. ఆ ఆరిళ్లలోనూ ఈ మాటే వినాల్సి వస్తుందని తెలిసి కాళ్లు ఇంటివైపు లాగాయి. పక్కింటి గేటు దగ్గర కాసేపు నిలబడి, గడియ తీశాను.