మేకు చుట్టూ ఇల్లు

ఫోజిల్ ఎర్ర రంగు డబ్బా పట్టుకొచ్చిన రోజే జుల్ఖుమార్ ఇల్లు రెండు ముక్కలైంది.

అంతకుముందు అది ఒకటే గది. ముందు తందూరు, రొట్టెల బల్ల. వెనక పరుపులు, టీ కెటిల్, అత్తగారు రోబియా. కోకంద్ పట్నంలో ఆ వీధి వీధంతా అలాగే బతికేది. ఇంతలో కొత్త నిబంధన వచ్చిపడింది: కొట్టులో కాపురం ఉండకూడదు, కాపురమున్న చోట కొట్టు పెట్టకూడదు. ఒకే కప్పు కింద రెండూ కావాలంటే మధ్యలో గీత ఉండాలి. నగర నిర్మాణ కార్యాలయం నుంచి వచ్చిన ఫోజిల్ మోకాళ్ళ మీద పాకుతూ ఈ గోడ నుంచి ఆ గోడకు గీత లాగాడు.

"ఇటు కొట్టు, అటు ఇల్లు. ఇటు తినకూడదు, పడుకోకూడదు. అటు బయటివాళ్ళు అడుగు పెట్టకూడదు."

"నేనిక్కడే కునుకు తీస్తుంటాను కదా నాయనా?" అంది రోబియా, తందూరు పక్కన పీట మీద నుంచి.

"కునుకు తీస్తే కాపురం కిందికొస్తుంది పెద్దమ్మా."

"కళ్ళు మూసుకుని రొట్టెల గురించి ఆలోచిస్తే?"

ఫోజిల్ తల గోక్కున్నాడు. "అది... వ్యాపారమే."

"అయితే సరే" అని ఆవిడ కళ్ళు మూసుకుంది. కాసేపటికి గురక పెట్టి మరీ ఆలోచించసాగింది.

అదంతా నవ్వులాట. ఇవాళ తనిఖీకొచ్చిన ఫోజిల్ చూపు గోడ మీది మేకు దగ్గర ఆగేసరికి జుల్ఖుమార్ చేతిలో పిండిముద్ద కదలకుండా ఉండిపోయింది.

మేకుకు ఒక రొట్టె వేలాడుతోంది. అంచున ఒక్క కొరుకు. అది ఆమె మొగుడు బోతిర్ పంటి గుర్తు. ఎండుద్రాక్ష లోడుతో లారీ ఎక్కబోతూ కొరికి, తన చేత్తోనే తగిలించి వెళ్ళాడు. ప్రయాణమై వెళ్ళినవాడు తిరిగొచ్చి మిగతాది తినాలని ఆ ఊరి ఆచారం. అందాకా ఇంకో చెయ్యి దాన్ని తాకకూడదు. కనుమల్లో మంచు పడి దారులు మూసుకుపోయాయి. బోతిర్ ఫోను మూగబోయింది. రొట్టెలకొచ్చే ఇరుగుపొరుగు ఆ గోడవైపు చూడటం మానేశారు. జుల్ఖుమార్ మాత్రం పొద్దున్నే ముందు దాన్నే చూసేది. అది అక్కడున్నంతకాలం ఈ భూమ్మీద అతనికి నూకలున్నట్టే.

"ఏంటక్కా ఇది?" అన్నాడు ఫోజిల్.

"మా ఆయన రొట్టె. నీకు తెలీనిదా?"

"మనిషిగా తెలుసు. డ్యూటీలో తెలీదు. అమ్మే సరుకైతే కాలం చెల్లింది, పారెయ్యాలి. ఇంటి వస్తువైతే కొట్టులో కాపురమున్నట్టు. ఎలా చూసినా తప్పే."

"గీత కాస్త ఇటు జరుపు తమ్ముడూ."

"జరిపితే తందూరు ఇంట్లోకొస్తుంది. ఇంట్లో వ్యాపారం! అది ఇంకా పెద్ద తప్పు. పోనీ మేకు పీకి అటు కొట్టండి."

"ఎవరి చేత్తో? ఆయన చెయ్యి లారీలో ఉంది."

ఫోజిల్ నిట్టూర్చాడు. "అయితే కొట్టుకి సీలు వెయ్యాల్సిందే" అని జేబులు తడుముకున్నాడు. సీలు కాగితాలు లేవు. "పెద్దాఫీసుకెళ్ళి తేవాలి. సాయంత్రానికొస్తా. ఈలోగా రొట్టె తీసేస్తే బతికిపోతారు."

రొట్టె తీస్తే మొగుడికి గండం. ఉంచితే పొట్టకూడు పోతుంది.

రోబియా ఒక కన్ను తెరిచింది. "పెద్దాఫీసంటే పక్క ఊరు ఫెర్గానాలోదేనా?"

"అవును పెద్దమ్మా."

ఆవిడ తందూరులోంచి అప్పుడే తీసిన రొట్టె అందుకుని గడప దగ్గర నిలబడింది. ఫోజిల్ అప్పటికే వీధిలో ఉన్నాడు. "ప్రయాణమై పోతున్నావు. కొరుకు నాయనా."

కొరికాడు. ఆ ఊళ్ళో పుట్టినవాడెవడైనా అంతే. గడపలో ముసలమ్మ రొట్టె చాపితే బుర్ర కంటే ముందు దవడ కదులుతుంది. "ఊఁ, తగిలించి వెళ్ళు" అనగానే బుద్ధిగా లోపలికొచ్చి బోతిర్ రొట్టె పక్కనే తగిలించాడు. వీధి మలుపు తిరిగాక గానీ తానేం చేశాడో అతనికి తట్టలేదు.

సాయంత్రం సీలు కాగితాలతో వచ్చి, ముందు తన రొట్టె తీసి నోటిదాకా తెచ్చాడు.

"ఆగాగు. ఇటు తినకూడదన్నావు" అంది రోబియా.

ఫోజిల్ గీత దాటబోయాడు. ఈసారి జుల్ఖుమార్ అడ్డొచ్చింది. "అటు బయటివాళ్ళు రాకూడదు తమ్ముడూ."

"వీధిలో తింటా!"

"వేలాడిన కప్పు కిందే తినాలి" అంది రోబియా జాలిగా. "వీధిలో తింటే వీధిలోనే మిగిలిపోతావు."

ఫోజిల్ వాళ్ళమ్మకు ఫోను చేశాడు. ఆవిడ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "తినకుండా ఇంటికొచ్చావంటే గడప తొక్కనివ్వను! నువ్వింకా ఫెర్గానా నుంచి రానట్టే లెక్క! రానివాడికి పిల్లనెవరిస్తార్రా?"

అతను రొట్టెను మళ్ళీ మేకుకు తగిలించి, తల పట్టుకుని పీట మీద కూలబడ్డాడు. చాలాసేపటికి లేచి, స్కూటరు దగ్గరికెళ్ళి రంగు డబ్బా తెచ్చాడు. మేకు చుట్టూ, రెండు రొట్టెలూ ఇమిడేలా, ఎర్రటి సున్నా చుట్టాడు.

"ఇది ఇల్లు. మిగతా గోడంతా కొట్టు."

"ఇంత ఇల్లా?" అంది జుల్ఖుమార్.

"నిబంధనలో కొలత లేదు. తలుపూ కిటికీ ఉండాలని మాత్రం ఉంది." సున్నాలో అరచేతంత తలుపు గీశాడు. దాని పక్కన కిటికీ. దానికి ఊచలు కూడా పెట్టాడు, దొంగల భయం కదా. తర్వాత సందేహంగా చూశాడు. "నేను బయటివాణ్ణి కదా, ఇందులోకి..."

"మా ఇంటికి రా తమ్ముడూ" అంది జుల్ఖుమార్ గబుక్కున.

"ఇంటివాళ్ళు పిలిస్తే చుట్టాన్ని. అప్పుడు తప్పులేదు." తన రొట్టె అందుకుని, సున్నాలో ముఖం ఆన్చి, గోడను చూస్తూ మొత్తం తినేశాడు.

"పిలిస్తే రావచ్చని ముందే చెప్పొద్దూ?" అంది రోబియా అమాయకంగా. "గీత దాటుతున్నప్పుడే పిలిచేదాన్ని!"

సీలు కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు ఫోజిల్. ఆ తర్వాత వీధిలో అతనికెవరు ఏం చాపినా చేతులు వెనక్కి కట్టుకునేవాడు.

మంచు కరిగి కనుమలు తెరుచుకున్నాయి. ఒక పొద్దున రొట్టెల కోసం జనం బారులు తీరి ఉండగా బారు మధ్యలోంచి డీజిల్ కంపు కొట్టింది. గడ్డం గుండెల దాకా పెరిగిన మనిషి ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా గోడ దగ్గరికొచ్చి మేకు మీది రొట్టె తీశాడు. జుల్ఖుమార్ చేతిలోంచి రొట్టెల తట్ట కిందపడింది.

"అక్కడ తినకురా, అది కొట్టు!" అరిచింది రోబియా.

"ఇది నా ఇల్లేగా అమ్మా?"

"నీ ఇల్లు ఆ సున్నాలో ఉంది. తల లోపల పెట్టి తిను."

బోతిర్ భార్యకేసి చూశాడు. ఆమె ఏడుస్తూనే తలూపింది. అతను గోడకు నుదురు ఆన్చి, రాయిలా ఎండిన రొట్టెను కటకటా కొరకసాగాడు. బారులో ముందున్నావిడ ఆలస్యమవుతోందని గొణిగింది.

"ఉండమ్మా" అంది రోబియా. "మా అబ్బాయి ఇంటికొచ్చాడు. వాడు నమలడం అయ్యాక కొట్టు తెరుస్తాం."