కోళ్లకి మళ్ళీ మొలుస్తాయట

మా మనవరాలు హాసిని నాతో మాట్లాడటం మానేసి నెల దాటింది. పోట్లాటేమీ లేదు. విసుగొచ్చింది, అంతే. జనక్‌పురిలో పుట్టిన పిల్ల. నా తెలుగు దానికి అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. మిల్లు కథ, గేదె కథ చెబుతుంటే మధ్యలో ఏదో అడిగేది. నేను "అచ్ఛా, అచ్ఛా" అనేవాణ్ని.

"తాతకి హిందీ రాదే, తెలుగులో అడుగు" అని మా అమ్మాయి మైథిలి దాన్ని కసిరేది. తెలుగుకి నాలిక తిరగక పిల్ల నోరు మూసుకుంది. నేనూ నా హిందీనే తిట్టుకున్నాను. సాయంత్రానికి చెవులప్పగించి కూర్చుని కూర్చుని ఒళ్లు పులిసిపోయేది. వినడం కూడా కూలిపనేనని ఈ వయసులో తెలిసింది.

ఒకరోజు కుక్కర్ కూతలేసి కూతలేసి పప్పు మాడింది. నేను పక్కగదిలోనే ఉన్నాను.

"కుక్కర్ కూడా హిందీలోనే కూసిందా, నాన్నా?" అంది మైథిలి.

మర్నాడు నోయిడా ఆఫీసుకి సెలవు పెట్టి నన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. పరీక్ష చేసే అమ్మాయి ఉమ, నెల్లూరు పిల్ల. నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, కూత వినపడగానే మీట నొక్కమంది.

"ఎవరి కూత? రైలుదా, కోడిదా?"

"ఏదైనా సరే నొక్కండి, అంకుల్" అంది నీరసంగా. పొద్దుట్నుంచి నాలాంటి ముసలాళ్లని ఎందరిని చూసిందో.

మొదట బొంగురు కూతలు వచ్చాయి. తరవాత ఎంతసేపటికీ ఏమీ రాలేదు. బయటికొచ్చి, "మిషను పాడైందమ్మా" అన్నాను.

"మిషను బాగానే ఉందంకుల్." కాగితం మీద గీత చూపించింది. కాలవ గట్టు దిగినట్టు కిందికి దిగిపోయింది.

"చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టం ఉంటుంది, నిండా నీళ్లు. శబ్దం తగిలితే ఆ నీళ్లు కదులుతాయి. లోపల కంటికానని వెంట్రుకలు వరసలుగా ఉంటాయి, అవి వంగుతాయి. వంగితే సందులు తెరుచుకుని ఉప్పులాంటిది లోపలికి దూకుతుంది. దాంతో కరెంటు పుట్టి నరం వెంట మెదడుకి పోతుంది. మనం వినేది ఆ కరెంటునే."

"నాకంటే పెద్ద కోతలు కోస్తున్నావే."

"నిజమే చెబుతున్నా. సన్నటి శబ్దాలు పట్టే వెంట్రుకలు వాకిట్లోనే ఉంటాయి, బొంగురువి పట్టేవి లోపలి కొసన. వాకిట్లోవి ముందు పోతాయి. పిల్లల మాట తెలియనిది అందుకే. ఏం పని చేసేవారు?"

"రైసుమిల్లులో. మా మిల్లు మోతకి పక్కూరి గేదె నెల ముందే ఈనేసింది."

ఉమ నవ్వలేదు.

"మళ్లీ నాట్లు వేస్తే?" అన్నాను.

"మనుషులకి మొలవవంకుల్. కోళ్లకైతే పోయినవి మళ్లీ మొలుస్తాయి."

జన్మంతా కోళ్లని కూరొండుకు తిన్నవాణ్ని.

వారం పెట్టుకు చూడమని చెవి మిషను ఇచ్చింది. మెట్రోలో ప్లాస్టిక్ కవరు నలిగినా నెత్తి మీద రేకులు పడ్డట్టుంది. ఇంటికి చేరేసరికి తల దిమ్మెక్కింది. హాసిని వచ్చి ఎదురుగా నిలబడింది. మైథిలి దారిలో ఫోన్లోనే తెలుగు ముక్కలు నేర్పినట్టుంది.

"తాతా, నీకు... చెవి... నొప్పి ఉందా?"

"హిందీలోనే అడుగమ్మా. తప్పు హిందీది కాదు, నా చెవిది."

"సచ్చీ?"

నిజమా అని. ఆ సకారం, ఆ చకారం సూదుల్లా వచ్చి తగిలాయి. నత్తగుల్ల సంగతి, వెంట్రుకల సంగతి చెప్పాను. కోళ్ల సంగతి దగ్గర తల అడ్డంగా తిప్పింది.

"ఝూఠ్. పక్కా ఝూఠ్."

బతుకులో ఒక్కసారి నిజం చెబితే ఇదీ గతి. మిషను తీసేసి నడుం వాలుద్దామని చెయ్యెత్తాను. పిల్ల నా మోకాలు పట్టుకుంది.

"ఫిర్ ఉస్ భైంస్ కే బచ్చే కా క్యా హువా?"

నెల ముందే ఈనేసిన ఆ గేదె దూడ ఏమైందీ అని.

"ఇన్నాళ్లూ అడిగింది ఇదేనా?"

తలూపింది. నేను "అచ్ఛా" అన్నది దీనికి.

చెయ్యి దించేశాను. ఒళ్లంతా అలిసిపోయి ఉంది, దూడని అప్పటికప్పుడు పుట్టించాలి.

"దానికి చెవులు చేటలంతుండేవి" అని మొదలుపెట్టాను.