చక్రం లోపలి వైపు

ఆదివారం ఇడ్లీ పాత్ర దించాక కుసుమకి ఇంకో పని ఉంటుంది. కారు చక్రాలు కడగడం. కారు పైభాగం కడగడానికి మనిషి వస్తాడు. చక్రాలు మాత్రం కుసుమే కడగాలి. "వాళ్ళు గీతలు పెట్టేస్తారు, నీ చెయ్యి మెత్తన" అని మొగుడు కిరణ్ కుమార్ ఒకసారి మెచ్చుకున్నాడు మరి. ఆ ఇంట్లో మెచ్చుకోలుకి ఒక పద్ధతి ఉంది. ఏ పని బాగుందంటారో ఆ పని ఇక జన్మంతా నీదే. పులుసు బాగుందన్నారు, చేపలు కడగడం ఆమెదైంది. ఫోన్లో గొంతు నిమ్మళంగా ఉంటుందన్నారు, కరెంటాఫీసు వాళ్ళతో మాట్లాడటం ఆమెదైంది. ఉప్మా ఒక్కటి రెండుసార్లు మాడ్చి తెలివిగా తప్పించుకుంది గానీ, చక్రం మాడ్చడం ఎలాగో బీఎస్సీ ఫిజిక్సులో ఎవరూ చెప్పలేదు.

కారు ఎర్రది, చూడటానికి చిన్నది. లోపల టర్బో ఇంజను. దాని బలం చాలదని కిరణ్ బెంగళూరు పంపి మరింత పెంచించాడు. "ఇది మామూలు కారు కాదు, పెర్ఫార్మెన్స్ కారు" అంటాడు. ఆ మాట అనేటప్పుడు అతని గొంతులో పలికే మురిపెం, కూతురు హర్షిణి పుట్టినప్పుడు కూడా పలకలేదు. కుసుమ తోలతానంటే మాత్రం, "అమ్మో, ఇది నీ చేతికి లొంగదు" అంటాడు. కడగడానికి లొంగుతుంది, తోలడానికి లొంగదు. ఇదేం రకం కారో అనుకుంటూ ఆమె బ్రష్షు చక్రం ఊచల మధ్య నుంచి లోపలికి దూర్చింది. చెయ్యి మోచేతి దాకా నల్లగా బయటికొచ్చింది.

అది బ్రేకు దుమ్ము కాదు. బ్రేకు దుమ్ము పొడిగా, మొహానికి రాసుకునే పౌడరులా రాలుతుంది. ఇది జిగట. చక్రం లోపలి వైపు అంతా, ఎవరో గుండ్రంగా తిరుగుతూ చిలకరించినట్టు గ్రీజు. ఫోను లైటు వేసి తల వంచి చూసింది. ఇంజను బలాన్ని చక్రం దాకా మోసుకొచ్చే ఇనప కడ్డీ, అదే యాక్సిల్, దాని చివర వంగే కీలు, ఆ కీలు మీద మడతలు మడతలుగా రబ్బరు బూటు. బూటు ఒక మడత దగ్గర అడ్డంగా చిరిగి ఉంది. గ్రీజు బయటికి, వాళ్ళ రొయ్యల చెరువు గట్ల మట్టి లోపలికి.

కుసుమకి భయం వెయ్యలేదు. చాలా కాలం తర్వాత పరీక్ష హాల్లో తెలిసిన ప్రశ్న కనబడినట్టు ఒళ్ళు ఝల్లుమంది. వాళ్ళ నాన్న సుబ్బారావు తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు యజమాని మారుతి కారు తోలేవాడు. సాయంత్రాలు ఊరి బయట యుద్ధకాలం నాటి పాత రన్‌వే మీదికి తీసికెళ్ళి ఆమెకి తోలడం నేర్పాడు. అక్కడ విమానాలు లేవు, ఎండబెట్టిన పిడకలూ, వాకింగు చేసే మేష్టర్లూ ఉండేవారు. "స్టీరింగు ఆఖరి దాకా తిప్పి గుండ్రంగా తోలమ్మా. ఎడమకి తిరిగేటప్పుడు టకటకమంటే కుడి పక్క కీలు అరిగినట్టు" అనేవాడు. నెలరోజులుగా కూరగాయల సందు మలుపులో తను వింటున్నది ఆ టకటకే.

చేతులు తుడుచుకుంటూ లోపలికెళ్ళింది. "ఏవండీ, కుడి ముందు చక్రం బూటు చిరిగింది. గ్రీజంతా చిమ్మేసింది. మలుపులో టకటకమంటోంది కూడాను."

కిరణ్ ఫోన్లోంచి తల ఎత్తలేదు. "నీ గాజులై ఉంటాయి."

కుసుమ చేతికి గాజులు లేవు, వాచీ ఉంది. ఆ సంగతి చెబితే గాజులెందుకు లేవన్న చర్చ మొదలవుతుంది.

ఆ చర్చకి అధ్యక్షురాలు అత్తగారు శేషారత్నం అప్పటికే పక్కన కూర్చుని ఉంది. "ఆడదాని చెవి కుక్కరు మీద ఉండాలి గానీ బండి మీదెందుకమ్మాయ్?"

"కుక్కరు వినే చెవేనండీ ఇది. ఇంకోటి లేదు" అంది కుసుమ వినయంగా.

చెప్పిన మాట మరీ గాలికి పోలేదు. కలిదిండిలో వాళ్ళ రొయ్యల చెరువు దగ్గర పనిచేసే పోలయ్య చేత కిరణ్ మరమ్మతు చేయించుకొచ్చాడు. చెరువుల మీద ఏరియేటర్లు తిరుగుతాయి, నీళ్ళల్లోకి గాలి కొట్టే యంత్రాలు. వాటి షాఫ్టు దగ్గర నూనె కారితే సైకిలు ట్యూబు చీల్చి, గ్రీజు కుక్కి, బిగించి చుట్టేస్తారు. ఈ చక్రానికీ అదే వైద్యం. "చూడు, ఏరియేటర్ కట్టు! షోరూము వాడికి కూడా రాదు" అన్నాడు. కుసుమ చూసింది. ఏరియేటర్ ఉన్నచోటే ఉండి తిరుగుతుంది. కారు చక్రం తిరుగుతూ, వంగుతూ, ఎగురుతూ పరిగెత్తుతుంది. పోలయ్యకి మాత్రం అనుమానం వచ్చిందట. "బాబుగారూ, ఇది రోడ్డు మీద నిలబడుద్దంటారా?" అని అడిగితే "నువ్వు కట్టవోయ్" అన్నాడట. ఆ ముక్క కిరణే నవ్వుతూ చెప్పాడు.

మళ్ళీ ఆదివారానికి ట్యూబు ముక్క సగం ఊడి వేలాడుతోంది. టకటక పెరిగింది. దానికి తోడు కొత్త లక్షణం. హైవే మీద మూడో గేరులో కిరణ్ యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా కుసుమ పాదాల కింద నేల వణుకుతోంది, వదలగానే ఆగుతోంది. కారు తిన్నగా పోతున్నప్పుడు వచ్చే వణుకు గేర్‌బాక్స్ వైపు కీలుది. అంటే లోపలి కీళ్ళు కూడా పోతున్నాయి. "నేల వణుకుతోందండీ" అంది. కిరణ్ పాట సౌండు పెంచాడు. అదీ ఒక మరమ్మతే.

ఇంటికొచ్చి ఆమె వంటలో పడ్డాక అసలు కబురు చెప్పాడు. వచ్చే ఆదివారం తాడేపల్లిగూడెం పాత రన్‌వే మీద భీమవరం, తణుకు మిత్రబృందం కార్లతో పరుగు పెడుతున్నారు. పర్మిషన్ తెచ్చారు, షామియానా వేస్తున్నారు, ఆడవాళ్ళంతా పులిహోర తేవాలి. "హర్షిణి నా పక్కన కూర్చుని వీడియో తీస్తుంది!"

పన్నెండేళ్ళ హర్షిణి గెంతులేసింది. కుసుమ చేతిలో గరిటె ఆగిపోయింది. నిలబడ్డ చోటు నుంచి బలమంతా ఒక్కసారి తొక్కితే, అరిగిన కీలు పగులుతుంది. విరిగిన కడ్డీ ఊరికే ఊడి పడదు, తిరుగుతున్న వేగంతో పక్కనున్న బ్రేకు గొట్టాన్ని కొరడాలా కొట్టొచ్చు. పక్క సీట్లో పిల్ల.

"ఆ యాక్సిళ్ళు మార్చకుండా పిల్లని ఎక్కించొద్దండీ."

"అన్నీ ఆదివారం అయ్యాక చూద్దాం. నువ్వు పిల్లని కూడా పిరికిదాన్ని చేసేస్తున్నావు."

ఆ మధ్యాహ్నం పప్పు ఉడుకుతుండగా కుసుమ రెండు కొత్త యాక్సిళ్ళు ఆర్డరిచ్చింది. బలం పెంచిన ఇంజన్ల కోసం లావుగా చేసినవి, కుడిదీ ఎడమదీ. ఫోను కిరణ్‌ది, కార్డు కిరణ్‌ది. ఓటీపీ వస్తే "కుసుమా, అదేదో చూడు" అని ఫోను ఇచ్చేయడం అతనికి అలవాటు, కాబట్టి చూసింది. నాలుగో రోజు పొడవాటి బరువైన పెట్టెలు దిగాయి.

"ఏవిటమ్మాయ్ ఇవి?" అంది శేషారత్నం.

"కర్టెన్ రాడ్లండీ."

"ఇంత బరువా!"

"మంచి కంపెనీవండీ."

ఆ మర్నాడు కలిదిండిలో రొయ్యల పట్టుబడి, చెరువులో వలలు వేసి రొయ్యలన్నీ పట్టే రోజు. కిరణ్ జీపులో వెళ్ళిపోయాడు. హర్షిణి బడికెళ్ళింది. అత్తగారు సీరియల్ ముందు కూర్చుంది. కుసుమ కొక్కేనికున్న కారు తాళం తీసి, పెట్టెలు రెండూ డిక్కీలోకి ఎక్కించింది. కారు సీట్లో కూర్చుని అద్దం తన ఎత్తుకి సరిచేసుకుంటుంటే నవ్వొచ్చింది. అన్నేళ్ళలో ఆ అద్దంలో తన మొహం చూసుకోవడం అదే మొదలు. పక్క సీటు నుంచి అందులో ఎప్పుడూ వెనకబడిన రోడ్డే కనిపించేది. నెమ్మదిగా, మలుపుల్లో మరీ నెమ్మదిగా, బైపాసు దగ్గరున్న మెకానిక్ అహరోను షెడ్డుకి చేర్చింది.

అహరోను సన్నగా ఎండురొయ్యలా ఉంటాడు. "సార్ రాలేదాండీ? సార్‌కి ఒక ఫోను కొట్టి మొదలెడతానండి."

"కొట్టండి. ఆయనకి ఈ శబ్దం వినపడదు. మీకు వినపడుతుందో లేదో ముందు చూద్దాం, ఎక్కండి."

షెడ్డు వెనక ఖాళీ జాగాలో స్టీరింగు ఆఖరి దాకా ఎడమకి తిప్పి గుండ్రంగా తోలింది. టక టక టక టక. తిన్నగా పెట్టి ఒక్కసారి తొక్కి వదిలింది. నేల వణికింది. అహరోను చూరు పట్టుకున్నవాడిలా హ్యాండిల్ పట్టుకుని, "వినపడిందండి. ఇక ఆపండమ్మా, ఉన్నదీ ఊడుద్ది" అన్నాడు. ఫోను మళ్ళీ జేబులోకెళ్ళింది.

చక్రం నడుమ ఉన్న పెద్ద నట్టు మాత్రం మొండికేసింది. అహరోను పానాకి పొడుగు పైపు తొడిగి లాగాడు, వేలాడాడు, ప్రభువుని తలుచుకున్నాడు. కదల్లేదు. హెల్పరు పెళ్ళికని సెలవు పెట్టాడట. కుసుమ చున్నీ నడుముకి బిగించింది.

"మీరు లోపల కూర్చుని బ్రేకు తొక్కండి. నేను ఇది తొక్కుతాను."

"మీరాండీ?"

"నేనేనండి. బరువు నాదే కదా ఎక్కువ."

పెళ్ళయ్యాక ఒంటికి పట్టిన బరువు గురించి ఆ ఇంట్లో వినని రోజు లేదు. మిగిలిన పెరుగన్నం పారేయలేక తిన్న బరువు, అందరూ తిన్నాక చల్లారిన పూరీల బరువు. అదంతా తీసుకెళ్ళి పైపు చివర నిలబెట్టింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత తుపాకీ పేలినట్టు ఠప్పుమని శబ్దం, పైపు కిందికి దిగింది, కుసుమ నేల మీదికి దూకింది. "వచ్చేసిందండీ!" అని అరిచింది. తన గొంతు అంత పెద్దదని ఆమెకే గుర్తులేదు. షెడ్డు గేటు దగ్గర టీ తాగుతున్నవాళ్ళు తిరిగి చూశారు. చూస్తే చూశారు.

ఆ తర్వాత పని పరుగులెత్తింది. జాకీ ఎత్తారు, చక్రం తీశారు, ఇనప బద్ద పెట్టి లోపలి చివరని గేర్‌బాక్స్ నుంచి ఊడబెరుకుతుంటే కింద కారే నూనెకి ఆమే బేసిను పట్టింది. పాత కీలు విప్పి చూశారు. లోపల గుండ్లు నున్నగా ఉండాల్సింది, గుంటలు పడి ఉన్నాయి. గ్రీజు నిండా కలిదిండి ఒండ్రు. దాన్ని చుట్టుకుని పోలయ్య కట్టిన ట్యూబు ముక్క. కుసుమ వేళ్ళ మధ్య ఆ గ్రీజు నలిపింది, ఇసక కరకరలాడింది. గాజులట! లోపలి కీళ్ళు రెండు వైపులా వదులైపోయి ఉన్నాయి. కొత్త యాక్సిల్ లోపలికి దూర్చి ఆమె అరచేత్తో ఒక్క తోపు తోసింది. రింగు తన గాడిలో పడి లోపల ఎక్కడో టక్‌మంది. నెలరోజులుగా విన్న టకటకల్లో ఇదొక్కటే మంచిది. రెండో పక్కా అయ్యింది. గేర్‌బాక్స్ నూనె పోశారు, నట్లు మీటరు పానాతో లెక్క ప్రకారం బిగించారు.

"పాతవి పాత సామాన్లోకి వేసేయమంటారా అమ్మా?"

"వద్దండి, గోనెసంచిలో కట్టి డిక్కీలో పెట్టండి."

బైపాసు ఎక్కి మూడో గేరులో తొక్కింది. కారు ముందుకి దూకింది. నేల రాయిలా నిలబడింది. కుసుమ ఒక్కతే ఉన్న కారులో గట్టిగా నవ్వింది. నవ్వి, దారిలో కొత్తిమీర కొని, సీరియల్ అయ్యేలోగా తాళం కొక్కేనికి తగిలించింది.

ఆదివారం అత్తగారితో సహా నలుగురూ గూడెం వెళ్తుంటే దారి పొడవునా కిరణే మాట్లాడాడు. "విన్నావా? ఏం శబ్దం లేదు. దానంతటదే పోయింది. అనవసరంగా హడావిడి చేశావు." కుసుమ ఒళ్ళో పులిహోర డబ్బా సర్దుకుంది. ఆమె చెబుదామనే ఉంది. వింటాడేమో చూద్దామని ఆగింది.

షామియానా కింద కిరణ్ చుట్టూ జనం. "పోలయ్య చేత ఏరియేటర్ కట్టు కట్టించాను. అంతే, ఠక్కున ఆగింది" అంటున్నాడు. భీమవరం సుబ్బరాజు అంతా విని, "అలాగాండీ! మా బండికీ బూటు చిరిగిందండి. రేపే పంపిస్తాను, కట్టించి పెట్టండి. మా అబ్బాయి కూడా ఆ బండే తోలతాడు" అన్నాడు.

అప్పటిదాకా కుసుమకి ఇది సరదాగానే ఉంది. ఆ మాటతో సరదా దిగిపోయింది. డిక్కీ తెరిచి గోనెసంచి ఈడ్చుకొచ్చి, పులిహోర డబ్బాకీ కొబ్బరి పచ్చడికీ మధ్య బల్ల మీద దబ్బున పెట్టింది. కుడి యాక్సిల్ బయటికి తీసి కీలు పట్టుకుని తిప్పింది. కటక్. కటక్. ట్యూబు ముక్క ఇంకా దానికి అంటుకునే ఉంది.

"కట్టించకండి సుబ్బరాజుగారూ. మార్పించండి. ఇదీ ఆ కట్టు సంగతి. శబ్దం ఆగింది కట్టుకి కాదు, కొత్తవి వేస్తే."

శేషారత్నం కుర్చీలోంచి ముందుకి వంగి కళ్ళజోడు సవరించుకుంది. "అమ్మాయ్, ఇవేనా ఆ కర్టెన్ రాడ్లు?"

"కాదండీ. అవి కారుకి బిగించాం. ఇవి పాతవి."

"అదీ మాట!" అంది ముసలావిడ. "ఇంట్లో కర్టెన్లు మారలేదేమిటా అని నాలుగు రోజులుగా చూస్తున్నాను."

కిరణ్ మొహం కారు రంగులోకొచ్చింది. "ఎవరు మార్చారు?"

"అహరోను. నట్టు నేను విప్పాను. తాళం ఇవ్వండి."

"ఇప్పుడు... ఇక్కడా... కుసుమా, ఇది నీ..."

చేతికి లొంగదని ఆ వాక్యం పూర్తి కావాలి. బల్ల మీద యాక్సిల్ ఉంది, చుట్టూ జనం ఉన్నారు, సుబ్బరాజు నోరు తెరుచుకుని ఉన్నాడు. వాక్యం అక్కడే ఆగిపోయింది. తాళం ఆమె చేతిలోకొచ్చింది. హర్షిణి అప్పటికే ముందు సీట్లో కూర్చుని బెల్టు బిగించేసింది.

రన్‌వే అదే. పిడకలు మాత్రం లేవు. కుసుమ మొదటి గేరు వేసి, నాన్న చెప్పినట్టు ఒక్కసారి శ్వాస తీసుకుని, తొక్కింది. వీపు సీటుకి అతుక్కుంది. రెండు. మూడు. షామియానా వెనక్కి ఎగిరిపోయింది. "అమ్మా! అమ్మా! అమ్మా!" అని హర్షిణి కేకలు, అది భయం కేక కాదు. చివర వేగం తగ్గించి స్టీరింగు ఆఖరి దాకా తిప్పి, గుండ్రంగా ఒకటి, ఇంకోటి, సరదాకి మూడోది తోలింది. టైర్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆ నిశ్శబ్దం తను చేసినది. తోడు పెట్టిన పెరుగు పొద్దున్నే మూత తీసి చూస్తే గట్టిగా పేరుకున్నప్పటి సంతోషం లాంటిది, కానీ దాన్ని ఎవరికీ వడ్డించక్కర్లేదు.

తిరిగొచ్చి ఆపేసరికి కిరణ్ ఒక్కడే కారు దగ్గరికి వచ్చాడు. వంగి చక్రం లోపలి వైపు చూశాడు.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఇక్కడే."

అతను తాళం కోసం చెయ్యి చాపాడు. కుసుమ తాళం పిడికిట్లోనే ఉంచుకుని, డిక్కీలోంచి చక్రాలు కడిగే బ్రష్షు తీసి ఆ చేతిలో పెట్టింది.

"వచ్చే ఆదివారం నుంచి మీరు కడగండి. లోపలి వైపు కూడా."