ముగ్గురికే ఉడికిన అన్నం

కనకానికి తెల్లారడమంటే రొట్టెని తిట్టడమే. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పక్క క్వార్టర్ల వాళ్ళు పిండి పిసికే చప్పుడు మొదలవగానే, "పొద్దుటే ఆ ఎండు తిండేటో, దాని ముందర ఆ కుస్తీ ఏటో" అని మూతి తిప్పి, ఇత్తడి తపేలా పొయ్యి మీద పెట్టేది. పెళ్ళై పార్వతీపురం నుంచి వచ్చి పాతికేళ్ళు దాటింది. హిందీ వచ్చింది, ఛత్తీస్‌గఢీలో బేరాలాడటం వచ్చింది, రొట్టె మాత్రం గొంతు దిగలేదు. అన్నం లేకపోతే తిన్నట్టే ఉండదు ఆమెకి.

తపేలా అత్త అప్పయమ్మది. అందులో ఎన్ని బియ్యం పోసినా, ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో ఎందరు తినబోతారో అందరికే అన్నం అయ్యేది. సోలెడు పోసినా అంతే, మానెడు పోసినా అంతే. కనకం మొగుడు సన్యాసిరావు గూడ్సు బళ్ళకి గార్డు. బొగ్గు బండితో కోర్బా వైపు వెళ్ళినవాడు ఎప్పుడు తిరిగొస్తాడో కంట్రోలు ఆఫీసుకి కూడా తెలియదు, తపేలాకి తెలుసు. డ్యూటీకి పిలవడానికొచ్చే కాల్‌మన్ సైకిలు దిగకుండానే, "భాభీ, ఇవాళ గార్డ్ సాబ్ వంతు ఉడికిందా?" అని అడిగేవాడు. ఉడకలేదంటే ధీమాగా పుస్తకం తీసి సంతకం పెట్టించుకునేవాడు. ఉడికిందంటే ఇంకో గార్డు ఇంటికి పోయేవాడు.

ఒక్కసారి, చాలా ఏళ్ళ కింద, అందరూ మధ్యాహ్నానికి ఇంటికి రావలసిన రోజున అన్నం ఒకరికి తక్కువైంది. ఇంటిల్లిపాదీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత ఎవరి పనికి వాళ్ళు పోయారు. ఇంకేం చేస్తారు? వాళ్ళతోనే ఉండే సన్యాసిరావు తమ్ముడు రమణబాబు గతౌరా స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఆ రోజు షంటింగులో రెండు పెట్టెల మధ్య ఇరుక్కుని చనిపోయాడు. తపేలా మూత తీసేముందు కనకం ఇంట్లోవాళ్ళని ఒకసారి లెక్కపెట్టుకోవడం అప్పట్నుంచే.

నీమా 2003 వానల్లో వచ్చింది. టాంజానియా పిల్ల. ఛత్తీస్‌గఢ్ అప్పటికి కొత్త రాష్ట్రం, అందులో కొత్త చట్టం చేశారు, ఎవరైనా యూనివర్సిటీ పెట్టుకోవచ్చని. ఇంకేం, బోర్డులు రాసేవాళ్ళకి పండగే. నీమా చేరిన యూనివర్సిటీ టైర్ల కొట్టు మీద రెండు గదులు. వాళ్ళ దేశంలో చూపించిన రంగుల పుస్తకంలో హాస్టలూ, చెరువూ, చెరువులో బాతులూ ఉన్నాయి. బాతుల మాట దేవుడెరుగు, హాస్టలు ఎక్కడని అడిగితే, కడుతున్నాం, ఈలోగా ఎక్కడైనా ఉండమన్నారు. టైర్ల కొట్టువాడికే జాలేసి, తెలిసిన గార్డ్ సాబ్ ఇంట్లో వెనక గది ఖాళీగా ఉందని తీసుకొచ్చాడు.

రైల్వే క్వార్టర్లో బయటివాళ్ళకి అద్దెకివ్వకూడదు. అందరూ ఇస్తారు. అడిగితే చుట్టాలంటారు.

"ఈ గుంటని సుట్టమంటే ఎవుడు నమ్ముతాడండీ?" అంది కనకం. నీమా గుమ్మానికంటే పొడుగు.

"ఎవుడూ అడగడు లెద్దూ" అన్నాడు సన్యాసిరావు.

అడిగేవాళ్ళు ఉన్నారు. విదేశం నుంచి చదువుకోవడానికి వచ్చినవాళ్ళు రెండు వారాల్లోగా పోలీసాఫీసులో పేరు రాయించుకోవాలి, ఉంటున్న చోటు చెప్పాలి. ఉంచుకున్న ఇంటివాళ్ళు కూడా తమ ఇంట్లో విదేశీయులున్నారని కాగితం ఇవ్వాలి. కాగితం ఇస్తే అద్దె సంగతి బయటపడుతుంది, క్వార్టరు పోతుంది. సన్యాసిరావు తల గోక్కుని, "హాస్టలు అడ్రసు రాయించీమ్మా. కట్టాక ఎలాగూ అక్కడికే ఎల్తావు గదా" అన్నాడు. నీమా అలాగే రాయించింది.

మొదటి రెండు రోజులూ ఆ పిల్ల తన గదిలో కిరసనాయిలు స్టవ్వు మీద ఏదో ఉడకేసుకుంది. మూడో రోజు పొద్దున్న కనకం మూత తీస్తే అన్నం ఒకరికి ఎక్కువుంది. అప్పయమ్మ తొంగిచూసి, "ఆ పిల్లని పిలవే. తపేలా కలిపీసుకుంది" అంది. అంతే. నీమా వచ్చి పీట మీద కూచుంది. రెండేళ్ళు తిరక్కుండానే ముసలమ్మ దగ్గర తెలుగు నేర్చుకుని, "ఏటాంటీ, పులుసులో ఇంగువ మర్సిపోనావేటి?" అని కనకానికే వంకలు పెట్టేది.

2005 ఫిబ్రవరిలో పెద్దకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. దాని కింద పుట్టిన యూనివర్సిటీలన్నీ ఒక్కపూటలో లేకుండా పోయాయి. టైర్ల కొట్టు మీద బోర్డు దింపేశారు. పిల్లల్ని ప్రభుత్వ యూనివర్సిటీలు చేర్చుకుంటాయనీ, విదేశీ విద్యార్థులు మాత్రం గడువులోగా పోలీసాఫీసుకు వెళ్ళి కొత్త వివరాలు రాయించుకోవాలనీ హిందీ పేపర్లో ఓ మూల పడింది.

నీమా ఆ పేపరు తెచ్చి సన్యాసిరావు ముందు పెట్టింది. రూల్సంటే ఆయనకి భక్తి. గార్డు డ్యూటీ ఎక్కేముందు కొత్త సర్క్యులర్లన్నీ చదివి, చదివానని సంతకం పెట్టాలి. సంతకం పెట్టని రూలు తన బండికి వర్తించదని ముప్పై ఏళ్ళుగా ఆయన నమ్మకం. పేపరు మడిచి ఇచ్చేశాడు.

"పేపర్లో పడిందల్లా రూలు కాదమ్మా. సర్క్యులర్ రానీ. నీ పేరు మీద వొస్తాది, సంతకం తీసుకుంటారు. అప్పుడెల్దాం. తొందరపడి నువ్వే ఎల్లి నుంచుంటే అడ్రసు గొడవ బయటపడతాది."

నీమా నమ్మింది. ఆ ఊళ్ళో రూలు గురించి కసురుకోకుండా మాట్లాడిన మనిషి ఆయనొక్కడే. సర్క్యులర్ కోసం ఎదురుచూస్తూ రోజూ మధ్యాహ్నం గేటు దగ్గర నిలబడేది. పోస్ట్‌మన్ వచ్చేవాడు, పోయేవాడు. గడువు కూడా అలాగే వచ్చి పోయింది.

తర్వాత పోలీసు కానిస్టేబులు హాస్టలు వెతుక్కుంటూ వెళ్ళాడు. టైర్లు కనిపించాయి. ఎవరినో అడిగి నీమాని కాలేజీ స్నేహితురాలి దగ్గర పట్టుకుని ఆఫీసుకు రమ్మన్నాడు. అక్కడి ఆఫీసరు చెడ్డవాడేం కాదు. ఫైలు చూపించి చెప్పాడట, నువ్విచ్చిన అడ్రసులో నువ్వు లేవు, నీ యూనివర్సిటీ లేదు, గడువు దాటింది, కాగితాల ప్రకారం నువ్వు ఈ ఊళ్ళోనే లేవు అని. రెండేళ్ళుగా ఎవరింట్లో ఉన్నావో ఆ ఇంటాయన రేపు మధ్యాహ్నం లోపు వచ్చి రాసిస్తే సర్దుతాను, లేకపోతే సాయంకాలం ఢిల్లీ బండెక్కించి పంపేయాలి అన్నాడట.

ఇంటికొచ్చి నీమా ఈ ముక్క అందరికీ చెప్పింది. రాసివ్వమని మాత్రం అడగలేదు. సన్యాసిరావు తల వంచుకుని బూటు లేసులు విప్పుతూ కూచున్నాడు. ఎంతసేపు విప్పుతాడు? ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు, ఇప్పుడు రాసిస్తే ఛార్జిషీటు, క్వార్టరు ఖాళీ. అది అందరికీ తెలుసు. నీమా లోపలికెళ్ళి బట్టలు మడతపెట్టుకోసాగింది.

మర్నాడు సన్యాసిరావుకి రెస్టు. నలుగురూ ఇంట్లోనే ఉన్నారు. కనకం కావాలని నాలుగు గ్లాసులు ఎక్కువే పోసింది. మూత తీస్తే ముగ్గురికే ఉడికింది.

అప్పయమ్మ చూసి తల తిప్పుకుంది. సన్యాసిరావు చూసి, "అయిపోయినట్టే" అన్నాడు. నీమా కూడా వచ్చి తొంగిచూసింది. రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్న పిల్ల, ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. "ఎల్తానాంటీ" అని కనకం చెయ్యి పట్టుకుని వదిలేసి, సంచీ భుజాన వేసుకుని పోలీసాఫీసుకు వెళ్ళిపోయింది. కనకం గడప మీద నిలబడింది. రమణబాబు కూడా ఇలాగే చెప్పులేసుకుని వెళ్ళాడు. అప్పుడూ తను ఇదే గడప మీద నిలబడి ఊరికే చూసింది.

పొయ్యి దగ్గరికొచ్చి కూలబడి తపేలాకేసి చూస్తూ అడిగింది.

"అత్తా, ఇది ఎందరో సెప్తాది. ఎవరో సెప్పదు గదా?"

అప్పయమ్మ వంగి తపేలాలో మరోసారి చూసింది. "సెప్పదు" అంది.

"అయితే నాను తినను. ఆ ముగ్గురూ మీరిద్దరూ, ఆ గుంటానూ."

"పిచ్చిదానా, ఒక పూట పస్తుంటే ఒప్పుకునేది కాదే ఇది. కావాలని తప్పుకున్నోల్లని మల్లీ కలుపుకోదు. మా మేనత్త అలా తప్పుకుని, మల్లీ అన్నం నోట పెట్టకుండానే పోయింది. నువ్వింక రొట్టెలు తినే బతకాల."

"కలుపుకోకపోతే మానె" అని కనకం లేచి, తన కంచం కడిగి బోర్లించేసింది. బోర్లించాక ఆ కంచాన్ని చూసి ఏడుపొచ్చింది. ఆవకాయా అన్నం తలుచుకునే ఏడ్చింది, అబద్ధమెందుకు. కళ్ళు తుడుచుకుని మొగుడి దగ్గరికెళ్ళింది.

"లెగండి. బట్టలేసుకోండి."

"క్వార్టరు పోతాదే. ఈ ఏడాదొక్కటీ..."

"సర్క్యులర్ వొచ్చేదాకా ఆగమన్నది ఎవలు? ఆ గుంట గేటు కాడ నుంచుంటే రోజూ సూడలేదేటి మీరు?"

 సన్యాసిరావు లేచి ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫారం వేసుకున్నాడు. ఇద్దరూ రిక్షాలో పోలీసాఫీసుకు పోయారు. బెంచీ మీద నీమా, పక్కన ఆడ కానిస్టేబులు, బల్ల మీద దేశం వదిలిపోతానని ఆ పిల్ల సంతకం పెట్టాల్సిన కాగితం. సన్యాసిరావు తెల్లకాగితం అడిగి తీసుకుని, బండి ఎందుకు ఆలస్యమైందో రాసే పద్ధతిలో రాశాడు. ఫలానా క్వార్టరు నాది, ఈ అమ్మాయి ఫలానా నెల నుంచి మా ఇంట్లో ఉంది, తప్పు అడ్రసు రాయించమన్నది నేను, గడువు దాటనిచ్చింది కూడా నేనే.

ఆఫీసరు చదివి, ఆయన యూనిఫారంకేసి చూశాడు. "దీని నకలు మీ రైల్వే వాళ్ళకి పంపాలి. తెలుసు కదా?"

"పంపండి సాబ్" అన్నాడు సన్యాసిరావు. కాగితం మళ్ళీ తీసుకుని కింద తారీఖు కూడా వేశాడు.

మధ్యాహ్నం దాటాక ముగ్గురూ ఇంటికొచ్చారు. అప్పయమ్మ మూడు కంచాలు పెట్టి ఉంచింది. నీమా కూచోబోతూ బోర్లించిన కంచాన్ని చూసింది, కనకాన్ని చూసింది. "ఏటి సేసీసావాంటీ?" అని తన అన్నం సగం తీసి ఆమె చేతిలో పెట్టింది. కనకం వేళ్ళ మధ్య ఆ అన్నం బియ్యమైపోయి నేల మీద టపటపా రాలింది. నీమా కొంగు లేని మనిషి, చున్నీ నోట్లో కుక్కుకుంది.

"తిను. సల్లారిపోతాది" అంది కనకం.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. ఛార్జిషీటొచ్చింది, ఈసారి సర్క్యులరుతో సహా, సంతకం తీసుకునే ఇచ్చారు. క్వార్టరు ఖాళీ చేయించారు. మోప్కాలో ఊరి చివర, గోడలకి సున్నం కూడా ఆరని ఇంట్లో అద్దెకు దిగారు. సన్యాసిరావు రిటైరైన రోజున దండా లేదు, మేళమూ లేదు. జెండాలూ దీపమూ అప్పజెప్పి సిటీ బస్సెక్కి ఇంటికొచ్చాడు. నీమాని ప్రభుత్వ యూనివర్సిటీలో చేర్చుకున్నారు. రోజూ అంత దూరం నుంచి సైకిలు తొక్కి డిగ్రీ పూర్తి చేసింది. కనకం పక్కింటి ఆవిడ దగ్గర రొట్టె ఒత్తడం నేర్చుకుంది. మొదట్లో అన్నీ తలో వంకరా వచ్చేవి. పెళ్ళిళ్ళకెళ్తే ఆమె విస్తట్లో అన్నం వడ్డించగానే బియ్యమయ్యేది. వడ్డించేవాళ్ళు ఏమీ అనకుండా చీపురు తెచ్చి ఊడ్చేవారు.

నీమా వాళ్ళ దేశం వెళ్ళిపోయాక కనకం ఆశ చావక ఒకరోజు తన కంచం తిప్పి పెట్టింది. తపేలాలో ఇద్దరికే ఉంది. మరుసటేడు వానల్లో అప్పయమ్మ పోయింది. అప్పట్నుంచీ ఒకరికే. సన్యాసిరావు ఎదురుగా కూచుని తల ఎత్తకుండా తినేవాడు.

2009లో ఒక పొద్దున్న కనకం పెనం ముందుండగా నీమా ఫోను చేసింది. పెళ్ళయిందట. స్కూల్లో పాఠాలు చెబుతోందట. క్షేమసమాచారాలయ్యాక గొంతు తగ్గించింది.

"ఆంటీ, ఒకటి అడగాల. మా ఇంట్లో ఎంత కొలిసి పోసినా రోజూ ఒకరికి ఎక్కువ ఉడుకుతాంది. ఇక్కడికొచ్చిన కాడ్నించీ అంతే. మొన్న కాంగో నుంచి చదువుకోడానికొచ్చిన పిల్ల ఒకర్తి మా ఎనక గదిలో దిగింది. కాగితాలు లేవు, ఏటీ లేదు. దానికి పెడతన్నాను. పెట్టొచ్చా?"

కనకం రొట్టె తిప్పడం ఆపింది. "మెత్తగా ఉడుకుతాందా, పలుకుగానా?" అని అడిగింది.

"మెత్తగానే. నువ్వు వొండినట్టే."

"వేడిగా పెట్టు" అంది కనకం. "సల్లారిపోనీకు."

ఫోను పెట్టేసి చూస్తే పెనం మీద రొట్టె ఒకవైపు మాడిపోయింది. దాన్నే కంచంలో వేసుకుని కూచుంది.